రెప్ప ఎప్పుడు వాలింది?

(పెన్షనర్ల నెలవారీ సమావేశంలో ఒక కంటి డాక్టరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

పెద్దలందరికీ నమస్కారం.

రెప్ప వాలిపోయిందని ఎవరైనా వస్తే నేను ముందు రిపోర్టులు అడగను. పెళ్లి ఫొటో ఉందా అని అడుగుతాను. చాలామందికి విచిత్రంగా అనిపిస్తుంది. మొన్నామధ్య ఒక రిటైరైన హెడ్మాస్టరుగారిని వాళ్లావిడ తీసుకొచ్చారు. ఎడమ రెప్ప కంటిపాప మీదికి దిగిపోయింది. "ఆరు నెలల నుంచండీ, పక్షవాతమేమోనని భయంగా ఉంది" అన్నారు ఆవిడ. ఫొటోలు తెమ్మన్నాను. మర్నాడు సంచీ నిండా తెచ్చారు. వాళ్ల పెళ్లి ఫొటోలో రెండు కళ్లూ సమానం. పెద్దమ్మాయి పెళ్లిలో, అంటే పన్నెండేళ్ల కింద, కన్యాదానం చేస్తున్న ఫొటోలో ఎడమ రెప్ప అప్పటికే కొంచెం కిందికి ఉంది. మనవడి అన్నప్రాశన నాటికి ఇంకొంచెం. ఆరు నెలల కింద జరిగిందల్లా, రెప్ప కంటిపాపకు అడ్డం రావడమే. వాలడం మొదలై ఏళ్లు అయింది. ఆ మూడు ఫొటోలు వరసగా టేబుల్ మీద పెట్టి చూపించగానే ఆవిడ ముఖంలో టెన్షన్ తగ్గింది. ఆయనకు స్కానింగ్ అక్కర్లేకపోయింది.

ఇదే మాట మరొకరు వచ్చి, "మొన్న ఆదివారం తీసిన ఫొటోలో బాగుందండీ, ఇవాళ పొద్దున లేచేసరికి మూసుకుపోయింది" అంటే నేను కుర్చీలోంచి లేస్తాను. చూడ్డానికి రెప్ప ఒకేలా ఉంటుంది. జబ్బులు మాత్రం రెండూ పూర్తిగా వేరు. అందుకే ఇవాళ మీకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రెప్ప ఎంత వాలింది అన్నదానికంటే ఎప్పుడు వాలింది, రోజులో ఏ వేళకి వాలుతోంది అన్నది ముఖ్యం. ఆ సంగతి తేలకుండా ఆపరేషన్ దాకా వెళ్లకూడదు.

పైరెప్ప మామూలుగా నల్లగుడ్డు పై అంచును ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పి ఉంటుంది. టార్చి వేస్తే కంటిపాప మధ్యలో ఒక మెరుపు చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క నుంచి పైరెప్ప అంచుకి 4 నుంచి 5 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. మేము మొదట కొలిచేది అదే. అది 2కి దిగిందంటే చూపు పైభాగం మూసుకుపోవడం మొదలవుతుంది. బస్సు బోర్డు చదవాలంటే తల ఎత్తాలి, అలమరలో పై అర కనిపించదు, స్కూటర్ మీద వెళ్తుంటే సిగ్నల్ కనిపించదు. నిండా నిద్రపోయి వచ్చినా ఆఫీసులో ప్రతివాళ్లూ "ఏంటి, రాత్రి నిద్ర లేదా?" అంటారు. ఒక బ్యాంకు ఉద్యోగి నాతో చెప్పుకుని బాధపడ్డాడు. గడ్డం పైకెత్తి చూస్తే తప్ప ఎదుటి మనిషి కనిపించడు. దాన్ని జనం పొగరు అనుకున్నారు. "కౌంటర్లో తల ఎగరేసి మాట్లాడతాడు" అని మేనేజరుకి ఫిర్యాదు కూడా వెళ్లిందట.

ఇంకో గుర్తు నుదురు. రెప్ప కిందికి దిగితే మనకు తెలియకుండానే కనుబొమలు పైకి లాగుతుంటాం. రోజంతా లాగితే సాయంత్రానికి నుదురు నొప్పి. తలనొప్పి అని మాత్రలు మింగుతూ, కళ్లద్దాలు మార్చుకుంటూ తిరిగేవాళ్లలో కొందరి అసలు సమస్య రెప్ప. నుదుటి మీద గీతలు ఒకవైపే లోతుగా ఉన్నాయేమో అద్దంలో చూసుకోండి.

రెప్ప ఎలా లేస్తుందో చెప్పాలంటే నాకు మా ఊరి బావి గుర్తొస్తుంది. ఇక్కడున్నవాళ్లలో చాలామంది నీళ్లు తోడినవాళ్లే. తోడమని ఎవరో చెప్పాలి, చేతుల్లో బలం ఉండాలి, చేంతాడు గట్టిగా ఉండాలి, బొక్కెన మరీ బరువుగా ఉండకూడదు. రెప్పకి ఆ చెప్పేది మెదడు నుంచి వచ్చే మూడో నరం. తోడే చేతులు లీవేటర్ అనే కండరం. ఆ కండరం చివర రెప్పకి అతుక్కుని పల్చటి తెల్లటి పొర ఉంటుంది, అది చేంతాడు. పక్కన ఇంకో చిన్న కండరం, ముల్లర్ కండరం, రెప్పను మరో రెండు మిల్లీమీటర్లు లేపి పట్టుకుంటుంది. దాని నరం వేరు. అది మెదడు నుంచి బయల్దేరి ఛాతీ పైభాగం దాకా దిగి, మళ్లీ మెడలోంచి పైకెక్కి కంటికి వస్తుంది. బొక్కెన పైకి రాలేదంటే వీటిలో ఎక్కడ లోపముందో చూడాలి కదా. తాడు ముడి జారితే ముడి వేస్తాం. చెప్పే మనిషే పడిపోయి ఉంటే ముడి మీద ముడి వేసి లాభమేంటి?

ఇక్కడ ఒక అపోహ ముందే తీసేయాలి. మూతి పక్కకి పోయి, ఒక కన్ను మూతపడకుండా నీళ్లు కారుతుంటే అది ముఖ పక్షవాతం. అందులో ఏడో నరం దెబ్బతింటుంది. ఏడో నరం కన్ను మూస్తుంది, మూడో నరం తెరుస్తుంది. కాబట్టి ముఖ పక్షవాతంలో కన్ను మూసుకోదు, మనం మాట్లాడుకునే జబ్బులో కన్ను తెరుచుకోదు. రెండిటినీ కలిపి "పక్షవాతం" అనేసి పసరు పోయించడానికి తీసుకెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కన్ను అదరడం కూడా దీనికి సంబంధం లేనిదే. కుడికన్ను అదిరింది, ఎడమకన్ను అదిరింది అని శకునాలు చూసుకుంటే చూసుకోండి, రెప్ప వాలడాన్ని మాత్రం ఆ లెక్కలో వేయకండి.

కొన్నిసార్లు వాలినట్టు కనిపిస్తుంది కానీ వాలదు. వయసుతో పైన చర్మం వదులై రెప్ప అంచు మీదుగా వేలాడుతుంది. దాన్ని వేలితో పైకెత్తితే కింద అంచు ఉండాల్సిన చోటే ఉంటుంది. కనుబొమే కిందికి దిగి ఉండొచ్చు. థైరాయిడ్ వల్ల ఒక కన్ను పెద్దగా తెరుచుకుంటే, బాగున్న రెండో కన్ను వాలినట్టు అనిపిస్తుంది. జబ్బున్నది వాలినట్టు కనిపించే కంటికి కాదు, పెద్దగా తెరుచుకున్న కంటికి. రెప్ప లోపల గడ్డ ఉన్నా బరువుకి దిగుతుంది, అందుకే రెప్ప తిప్పి చూస్తాం.

ఇప్పుడు ఆగకూడని సంగతులు చెబుతాను. ఇవి గుర్తుంచుకుంటే చాలు, మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు.

రెప్ప గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో పూర్తిగా దిగిపోయి, దాన్ని ఎత్తి చూస్తే లోపలి గుడ్డు బయటివైపుకి, కిందికి తిరిగి ఉందనుకోండి. రెండేసిగా కనిపిస్తోంది. కంటిపాప రెండో కంటికంటే పెద్దదిగా ఉంది. తల పగిలిపోయే నొప్పి కూడా ఉంది. అంటే మూడో నరాన్ని మెదడులో ఏదో నొక్కుతున్నట్టు. ఎక్కువగా భయపడాల్సింది రక్తనాళం గోడ పల్చనై బుడగలా ఉబ్బడం గురించి. అది పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. పగలకముందు రెప్ప వాలడం రూపంలో అది మనల్ని హెచ్చరించిందనుకోవాలి. అప్పుడు కంటి ఆసుపత్రికి కాదు, మెదడు స్కాన్, రక్తనాళాల స్కాన్ రెండూ అదే రోజు చేయగల పెద్దాసుపత్రికి వెళ్లాలి. రేపు పొద్దున చూద్దాం అనుకోకూడదు.

షుగర్, బీపీ ఉన్నవాళ్లకి ఇదే నరానికి రక్తం అందక రెప్ప వాలుతుంది. నొప్పి అందులోనూ ఉండొచ్చు. సాధారణంగా కంటిపాప మామూలుగానే ఉంటుంది, మూడు నెలల్లో చాలావరకు దానంతటదే తిరిగి వస్తుంది. అలాగని "నాకు షుగర్ ఉంది, కాబట్టి ఇది అదే" అని ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోవద్దు. మొదటి రోజుల్లో బాగున్న కంటిపాప తర్వాత పెద్దదవడం కూడా జరుగుతుంది. ఆ తేడా డాక్టరు చూసి చెప్పాలి.

ఇంకో రకంలో రెప్ప కొంచెమే వాలుతుంది, ఒకటి రెండు మిల్లీమీటర్లు. కంటిపాప చిన్నదవుతుంది. ఆ తేడా వెలుతురులో కంటే చీకటి గదిలో బాగా తెలుస్తుంది. 1869లో స్విట్జర్లాండ్‌లో హార్నర్ అనే కంటి డాక్టరు దీన్ని వివరంగా రాశాడు, అందుకే ఆయన పేరే పెట్టారు. ఇందాక మెడలోంచి చుట్టూ తిరిగి వస్తుందన్న నరం దెబ్బతింటే ఇలా అవుతుంది. దానితోపాటు మెడనొప్పి, ముఖంలో ఒకవైపు నొప్పి ఉంటే, అందులోనూ మెడకి దెబ్బ తగిలాకనో, మెడ విరిపించుకున్నాకనో మొదలైతే, మెడలోని పెద్ద రక్తనాళం గోడ చీలిందేమో చూడాలి. అదీ ఆ రోజే. మంగలి షాపులో మెడ విరిపించుకునే అలవాటు ఉన్నవాళ్లు దయచేసి మానేయండి. చుట్ట, బీడీ, సిగరెట్ తాగే వాళ్లలో ఊపిరితిత్తుల పై కొసన పుట్టే కణితి కూడా ఇదే నరాన్ని పట్టుకుంటుంది. రెప్ప వాలిందని వచ్చిన మనిషికి మేము ఛాతీ స్కాన్ రాస్తే "కంటికొచ్చిన జబ్బుకి ఛాతీ ఎందుకు?" అని అడుగుతారు. కారణం ఇదే.

ఇక పాము. ఇక్కడ పొలాలున్నవాళ్లు, పొలాల్లో మనుషుల్ని పెట్టుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలో కాటేస్తుంది. కాటు దగ్గర వాపు ఉండదు, నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లారుజామున కడుపునొప్పితో లేస్తారు. తర్వాత రెండు రెప్పలూ వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, గుటక పడదు. పామును ఎవరూ చూడలేదు కాబట్టి, రాత్రి తాగి పడుకున్నాడేమో, నిద్రమత్తేమో అనుకుని ఇంట్లోవాళ్లు ఇంకాసేపు పడుకోనిస్తారు. ఆ కాసేపటిలో విషం ఊపిరి కండరాలకి చేరుతుంది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక మిర్చితోట కూలీని ఇలాగే తెచ్చారు. కళ్లు తెరవలేడు, పలకలేడు. "స్పృహ లేదండీ" అని వాళ్లమ్మ ఏడుస్తోంది. మా సీనియర్ ఆ కూలీ చెవి దగ్గర వంగి, "నీకు అన్నీ వినపడుతున్నాయని నాకు తెలుసు. భయపడకు. మిషన్ నీ బదులు ఊపిరి తీస్తుంది" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత వెంటిలేటర్ తీశాక ఆ కుర్రాడు ఆ మాట తనకు వినబడిందని చెప్పాడు. నేను కళ్ల డాక్టరీ ఎంచుకోవడానికి ఆ మూసుకున్న రెప్పలు కూడా ఒక కారణం.

కాబట్టి వానాకాలం పొద్దున్నే ఎవరికైనా రెండు రెప్పలూ ఒక్కసారిగా వాలితే, పామును చూశామా లేదా అని ఆలోచించవద్దు. పాము విషానికి ఇంజెక్షనూ, వెంటిలేటరూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. మన దగ్గర దొరికే ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే, ఏ పామో తెలియకపోయినా ఇస్తారు. నాగుపాము కాటులోనూ రెప్పలే ముందు వాలతాయి, కాకపోతే అక్కడ వాపు, నొప్పి కనిపిస్తాయి.

సభలోంచి ఒకరు: డాక్టరుగారూ, మా కోడలికి పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రానికి ఒక కన్ను వాలిపోతుంది. అదేంటి?

నేను అక్కడికే వస్తున్నానమ్మా. మంచి మాట అడిగారు. అది వినగానే మేము ఆలోచించే జబ్బు మయస్థీనియా. దాని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే అందులో నేనే ఒకసారి పొరబడ్డాను.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకావిడ వచ్చింది. బ్లౌజులు కుట్టుకుని బతికే మనిషి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కుడి రెప్ప వాలిపోతుందనీ, సూదిలో దారం ఎక్కించబోతే రెండు సూదులు కనిపిస్తాయనీ చెప్పింది. నేను చూసింది పొద్దున పదిన్నరకి. రెప్పలు రెండూ చక్కగా ఉన్నాయి. పని ఒత్తిడి, విశ్రాంతి తీసుకోండి అని చెప్పి చుక్కల మందు రాసి పంపించాను. మళ్లీ ఆమె వచ్చింది ఎనిమిది నెలల తర్వాత. ఈసారి అన్నం నమలడానికి దవడ అలిసిపోతోందని చెప్పింది. పక్కింటి కుర్రాడి సెల్‌లో రాత్రి ఎనిమిదింటికి తీయించిన ఫొటో తెచ్చి చూపించింది. కుడికన్ను దాదాపు మూసుకుని ఉంది. "మీరు పొద్దున్నే చూస్తారు గదమ్మా, మీకెట్లా కనపడుద్ది" అంది. కోపంగా అనలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. మన ఓపీలన్నీ పొద్దునపూటే. సాయంత్రం వచ్చే జబ్బు పొద్దున డాక్టరుకి ఎలా కనిపిస్తుంది? అప్పటి నుంచి అలాంటి అనుమానం ఉన్నవాళ్లని సాయంత్రం ఆరు తర్వాత రమ్మంటాను. అమ్మా, మీ కోడలికి చెప్పండి, పొద్దున లేవగానే ఒక ఫొటో, రాత్రి పడుకోబోయే ముందు ఒక ఫొటో, వారం రోజులు తీసిపెట్టుకోమనండి. సగం డయాగ్నసిస్ అక్కడే అయిపోతుంది.

ఈ జబ్బులో నరం బాగుంటుంది, కండరం బాగుంటుంది. ఆ రెండూ కలిసే చోట కబురు అందదు. నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరం మీద ఆ కబురు అందుకునే గ్రాహకాల్లో పడాలి. మన రక్షణ వ్యవస్థే పొరబడి ఆ గ్రాహకాల్ని నాశనం చేస్తుంది. అందుకే వాడిన కొద్దీ అలుపు, విశ్రాంతి ఇస్తే మళ్లీ బలం. కళ్లకి, రెప్పలకి విశ్రాంతి తక్కువ కాబట్టి అక్కడే ముందు బయటపడుతుంది.

పరీక్షకి పెద్ద మిషన్లు అక్కర్లేదు. పైకి చూస్తూ ఉండమంటాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. రెప్ప మెల్లగా దిగుతూ రావడం కళ్ల ముందే కనిపిస్తుంది. తర్వాత ఐస్. ఫ్రిజ్‌లోంచి ఐస్ ముక్కలు కర్చీఫులో చుట్టి, మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు పెడతాం. తీశాక స్కేలుతో కొలుస్తాం. రెండు మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో లేచిందంటే మయస్థీనియా అనుమానం గట్టిపడుతుంది. చల్లదనానికి ఆ రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైము మందగిస్తుంది, కబురు ఇంకాసేపు నిలుస్తుంది. ఆ టైలరమ్మకి ఐస్ తీసి అద్దం చేతికిచ్చినప్పుడు తన కన్ను తను చూసుకుని, వేలితో రెప్పను తాకి చూసుకుంది, నిజంగా తనదేనా అన్నట్టు. రెండు మూడు నిమిషాల్లో అది మళ్లీ దిగిపోయింది. కానీ మాకు జవాబు దొరికింది. ఇంట్లో చేసి చూడాలనుకుంటే మీరూ చేయొచ్చు, ఐస్ నేరుగా చర్మానికి తగలనివ్వకండి. అయితే దాని ఫలితం చూసుకుని మీరే ఒక నిర్ణయానికి రావద్దు.

తర్వాత రక్తంలో, ఆ గ్రాహకాల్ని నాశనం చేసే యాంటీబాడీల పరీక్ష. జబ్బు కళ్లకే పరిమితమైనవాళ్లలో దాదాపు సగం మందికి ఈ పరీక్షలో ఏమీ కనిపించదు. నెగెటివ్ అని రాగానే జబ్బు లేదనుకోకూడదు, నరాల డాక్టరు చేసే కరెంటు పరీక్షలున్నాయి. ఛాతీ స్కాన్ కూడా చేయిస్తాం. గుండెకి ముందు థైమస్ అనే గ్రంథి ఉంటుంది. ఈ జబ్బున్నవాళ్లలో నూటికి పది పదిహేను మందికి అందులో కణితి ఉంటుంది. మందుకి పైరిడోస్టిగ్మిన్ మాత్రలున్నాయి, అవసరమైతే స్టెరాయిడ్లు, ఇంకా ఇతర మందులు ఉంటాయి. కళ్లతో మొదలైనవాళ్లలో చాలామందికి తర్వాత మింగడం, ఊపిరి దాకా వ్యాపిస్తుంది, ఎక్కువగా మొదటి రెండేళ్లలో. అందుకే కన్ను బాగైంది కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆపకూడదు. ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ జబ్బున్నవాళ్లకి కొన్ని మామూలు మందులు పడవు. సిప్రోఫ్లాక్సాసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయోటిక్స్, బీపీకి వాడే కొన్ని మాత్రలు, నీటికాసులకి వేసే టిమోలాల్ చుక్కలు కూడా. జ్వరమొచ్చి మందుల షాపులో అడిగి కొనుక్కునే అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. జబ్బు పేరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోమని చెబుతాను.

ఈ జబ్బుకి మందు దొరికిన కథ చెప్పకుండా ఉండలేను. 1934లో లండన్‌లోని గ్రీనిచ్‌లో సెయింట్ ఆల్ఫీజ్ ఆసుపత్రి డాక్టరు మేరీ వాకర్‌కి ఒక ఆలోచన వచ్చింది. అడవి జాతులు బాణాలకి పూసే కురారే విషం ఎక్కినవాళ్లు కూడా ఇలాగే నీరసించిపోతారు కదా, ఆ విషానికి విరుగుడు దీనికీ పని చేస్తుందేమోనని. ఫైసోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఇచ్చింది. వాలిన రెప్ప లేచింది. ఇప్పుడు మేము వాడే మాత్రలు ఆ మందు సంతతే.

ఇందులో మన తెలుగు మాట కూడా ఉంది. విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రసెల్ అనే డాక్టరు ఈ తీరంలోని పాముల్ని సేకరించి, బొమ్మలు వేయించి, 1796లో పుస్తకం అచ్చేయించాడు. పాముల పేర్లు ఇక్కడివాళ్లు పిలిచినట్టే రాసుకున్నాడు. నలుపు, పసుపు పట్టీలున్న పాముకి బంగారు పాము అని రాశాడు. ఆ మాట నుంచే కట్లపాములన్నిటికీ కలిపి బంగారస్ అని శాస్త్రీయ నామం వచ్చింది. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే శాస్త్రవేత్తలు అక్కడి కట్లపాము విషంలోంచి తీసిన పదార్థానికి బంగారోటాక్సిన్ అని పేరు పెట్టారు. అది సరిగ్గా వెళ్లి ఆ గ్రాహకాలకే అతుక్కుంటుంది. దాన్ని గుర్తుగా వాడి 1973లో అమెరికాలో లెక్క పెడితే, మయస్థీనియా ఉన్నవాళ్ల కండరాల్లో గ్రాహకాలు బాగా తక్కువున్నాయని తేలింది. మన మిర్చితోటలో మనిషి రెప్ప వాల్చే విషం లాంటిదే, రెప్ప ఎందుకు వాలుతుందో చెప్పింది. మన ఊళ్లలో పిలుచుకునే పేరు ప్రపంచంలో ప్రతి నరాల ల్యాబులోనూ ఉంది. నాకు అది చాలా గర్వంగా అనిపిస్తుంది.

సరే, హెడ్మాస్టరుగారి దగ్గరికి వద్దాం. పెద్దవాళ్లలో అన్నిటికంటే ఎక్కువగా చూసేది ఆయనకొచ్చినదే. చేంతాడు జారడం. వయసుతో ఆ పొర సాగి, అతుకు వదిలేస్తుంది. కళ్లు బాగా నలుపుకునే అలవాటున్నవాళ్లకి, ఏళ్ల తరబడి గట్టి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నవాళ్లకి, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి ఇంకా ముందే వస్తుంది. గుర్తుపట్టడం తేలిక. రెప్ప మీది మడత పైకి జరిగిపోతుంది, చర్మం పల్చనై కింది గుడ్డు నీడ కనిపిస్తుంది. కనుబొమను బొటనవేలితో నొక్కి పట్టుకుని, కిందికి చూసి పైకి చూడమంటే రెప్ప 12, 13 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే చేతుల్లో బలం ఉంది, ముడే జారింది. ఇది ఆపరేషన్‌తో చక్కగా సరిపోయే రకం.

ఆపరేషన్‌కి ముందు కంటి తడి ఎంతుందో చూస్తాం. గట్టిగా కళ్లు మూసుకోబోతే గుడ్డు పైకి తిరుగుతుందా అని చూస్తాం. ఇది చాలామంది అడగని విషయం, మీరు అడగండి. రెప్ప పైకెత్తాక కొన్నాళ్లు నిద్రలో కన్ను పూర్తిగా మూతపడదు. గుడ్డు పైకి తిరగనివాళ్లకి నల్లగుడ్డు ఎండి పుండవుతుంది. అలాంటివాళ్లకి రెప్ప తక్కువే ఎత్తాలి. ఇంకొకటి, వాలిన రెప్పను నేను వేలితో ఎత్తి పట్టుకుని రెండో కన్ను చూస్తాను. ముందు వరసలో బాబాయిగారూ, ఒక్కసారి ఇటు రండి. చూడండి, ఈ రెప్ప ఎత్తగానే ఆ రెప్ప దిగింది. రెండు రెప్పలకీ మెదడు ఒకే మోతాదులో ఆజ్ఞ పంపుతుంది. ఒకటి వాలితే రెండింటికీ ఎక్కువ పంపిస్తుంది. దీన్ని సరిచేశాక అది బయటపడుతుంది. ముందే చెప్పకపోతే "ఒకటి బాగుచేసి రెండోది పాడుచేశారు" అంటారు. థాంక్సండీ, కూర్చోండి.

ఆపరేషన్ మత్తుసూది ఇచ్చి, మనిషి మెలకువగా ఉండగానే చేస్తాం. రెప్ప మడతలోనే గాటు పెడతాం కాబట్టి మచ్చ మడతలో కలిసిపోతుంది. జారిన పొరను పట్టుకుని ముందుకు లాగి కుడతాం. కుట్టు ముడి బిగించే ముందు మనిషిని టేబుల్ మీద లేపి కూర్చోబెడతాం. పడుకున్నప్పుడు రెప్ప ఎత్తు ఒకలా ఉంటుంది, కూర్చుంటే ఒకలా. హెడ్మాస్టరుగారిని అలా కూర్చోబెట్టినప్పుడు ఎదురుగా గోడ మీద గడియారం ఉంది. నేను అడగకుండానే "పదకొండూ ఇరవై" అన్నారు. గడ్డం ఎత్తలేదు, నుదురు ముడవలేదు. అర మిల్లీమీటరు వదులు చేసి ముడి వేశాను. అందుకే మెలకువగా ఉంచుతామనేది, ఆయన చూపే నాకు కొలబద్ద.

అయిదారు రోజులకి కుట్లు తీస్తాం. రెండు వారాలు వాపు, కమిలిన నలుపు ఉంటాయి. నెలన్నర నుంచి మూడు నెలలు గడిస్తే గాని అసలు ఆకారం తెలియదు. కొందరిలో కొంచెం ఎక్కువో తక్కువో అయి మళ్లీ చేయాల్సి వస్తుంది. ఇది ముందే ఒప్పుకుని చేయించుకోవాలి. గుండెకి రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి, గుండె డాక్టరుని అడగాలి. కొద్దిగా వాలినవాళ్లకి, ఫినైలెఫ్రిన్ చుక్కలు వేస్తే రెప్ప లేచేవాళ్లకి, రెప్ప లోపలి నుంచే ముల్లర్ కండరాన్ని కురచ చేసే పద్ధతి ఉంది. బయట గాటే ఉండదు. పుట్టుకతోనో, కండరాల జబ్బుతోనో లీవేటర్ కదలిక 4 మిల్లీమీటర్లు కూడా లేనివాళ్లకి ముడి వేసి లాభం లేదు. అప్పుడు రెప్పను నుదుటి కండరానికి సిలికాన్ తాడుతోనో తొడలోంచి తీసిన పొరతోనో వేలాడదీస్తాం. ఆపరేషన్ వద్దనుకునేవాళ్లకి కళ్లద్దాల ఫ్రేముకి చిన్న తీగ బిగించి రెప్పను నిలబెట్టే ఏర్పాటుంది. అమెరికాలో 2020 జులైలో ఆక్సీమెటాజొలిన్ చుక్కలకి అనుమతి వచ్చింది. పొద్దున ఒక చుక్క వేస్తే కొన్ని గంటలు ఒక మిల్లీమీటరు దాకా లేస్తుంది. అక్కడున్న పిల్లలు పంపిస్తామంటే, ముందు కారణం తేలాకే వాడండి.

సభలోంచి మరొకరు: కళ్ల వ్యాయామాలు చేస్తే తగ్గదా? యూట్యూబ్‌లో చూపిస్తున్నారు.

తగ్గదండీ. ముడి జారిన తాడుని ఎంత లాగినా ముడి పడదు. మయస్థీనియా అయితే వ్యాయామంతో ఇంకా అలుపొస్తుంది. ఆముదం రాయడం, నెయ్యి రాయడం వల్ల హాని లేకపోయినా లాభం లేదు. కంట్లో మాత్రం పసరు పోయించుకోకండి, దానివల్ల నల్లగుడ్డు పోయినవాళ్లని చూశాను.

ఇంకో పావుగంట ఉంది నాకు. చూపించుకోవాలనుకున్నవాళ్లు ఆ కిటికీ దగ్గరికి రండి, అక్కడ వెలుతురు బాగుంది. టార్చి, స్కేలు తెచ్చాను. ఫోనులో మీ పాత ఫొటో ఏదైనా ఉంటే, తెరిచి చేతిలో పట్టుకుని రండి.